పాత మెర్సిడెస్ డీజిల్ కార్లు: ఇంజిన్ గట్టిదే, మరి బండి ఎందుకు మూలన పడుతోంది?

క్లుప్తంగా: 1970లు, 80ల నాటి మెర్సిడెస్ డీజిల్ కార్లకు 'ఇంజిన్ చావదు' అనే పేరుంది. ఆ పేరు చూసి కొన్నవారిలో చాలామంది కొద్ది నెలలకే బండిని పక్కన పెట్టేస్తున్నారు. ఎక్కువ సందర్భాల్లో పోయేది ఇంజిన్ కాదు. దాని చుట్టూ ఉన్న వాక్యూమ్ (గాలిని పీల్చే) గొట్టాలు, ఇంధనం దారి, వాల్వ్ క్లియరెన్స్ (వాల్వ్‌ల దగ్గర ఉండాల్సిన సన్నని సందు), బాడీ తుప్పు. వీటిలో తుప్పు తప్ప మిగతావి చాలావరకు ఇంట్లో సరిచేసుకోదగ్గవే. అయితే ఏ లక్షణం ఎక్కడి నుంచి వస్తోందో తెలియకపోతే చౌకలో పోయే పని గేర్‌బాక్స్ విప్పేదాకా వెళ్తుంది.

ఆ పేరు వెనుక ఉన్నది

మెర్సిడెస్ 1936లోనే 260 డి పేరుతో డీజిల్ కారును మార్కెట్లోకి తెచ్చింది. ఇప్పుడు చర్చలో ఉన్న కార్ల కథ మాత్రం 1970ల నుంచి మొదలవుతుంది. 1974లో ఐదు సిలిండర్ల ఓఎం617 ఇంజిన్ వచ్చింది. 1978లో దానికే టర్బో బిగించి 300 ఎస్‌డి పేరుతో అమెరికాలో అమ్మారు. 1976లో మొదలైన డబ్ల్యూ123 శ్రేణి దాదాపు పదేళ్లు నడిచింది. పెట్రోల్, డీజిల్ కలిపి సుమారు 27 లక్షల కార్లు తయారయ్యాయి. యూరప్‌లో టాక్సీలంటే చాలాకాలం ఇవే.

ఇవి ఎందుకు మన్నాయి? ఒక కారణం శక్తి తక్కువగా ఉండటమే. 2.4 లీటర్ల 240 డి ఇంజిన్ ఇచ్చింది మొదట్లో 65 హార్స్‌పవర్, ఆ తర్వాత 72. ఆ సైజు ఇంజిన్ నుంచి ఇప్పటి డీజిల్ కార్లు రాబట్టే శక్తితో పోలిస్తే ఇది చాలా తక్కువ. లోపలి భాగాలు మాత్రం బరువుగా, దిట్టంగా ఉంటాయి. టైమింగ్‌కు బెల్టు కాదు, చైన్. డీజిల్‌ను సిలిండర్లకు పంపే ఇంజెక్షన్ పంప్ అడుగు భాగానికి ఇంజిన్ ఆయిలే చేరుతుంది. ఒత్తిడి తక్కువ, లోహం ఎక్కువ కాబట్టి అరుగుదల నెమ్మదిగా ఉంటుంది.

గ్రీస్‌కు చెందిన ఒక టాక్సీ డ్రైవర్ తన 240 డిని 46 లక్షల కిలోమీటర్లు తిప్పి 2004లో కంపెనీ మ్యూజియానికి ఇచ్చాడు. ఈ సంగతిని తరచూ ఉదాహరణగా చెబుతారు. చెప్పకుండా వదిలేసే భాగం ఒకటుంది. ఆయన అంత దూరం ఒకే ఇంజిన్‌తో తిరగలేదు. ఇంజిన్లు దించి, బాగుచేసి, మారుస్తూ నడిపాడు. ఆ కథ బండి గట్టిదనాన్ని ఎంత చెబుతుందో మెయింటెనెన్స్ గురించీ అంతే చెబుతుంది. అమ్మకం ప్రకటనల్లో రెండో సగం కనిపించదు.

నిప్పురవ్వ లేకుండా మండించడం

లక్షణాలు అర్థం కావాలంటే ముందు ఇంజిన్ పనిచేసే తీరు తెలియాలి. ఈ ఇంజిన్లలో స్పార్క్ ప్లగ్ ఉండదు. గాలిని సుమారు 21 వంతుల నుంచి ఒక వంతుకు నొక్కితే పుట్టే వేడికే డీజిల్ అంటుకుంటుంది. డీజిల్ నేరుగా సిలిండర్‌లో పడదు. సిలిండర్ల పైన ఉండే హెడ్‌లోని ప్రీచాంబర్ అనే చిన్న గదిలో పడి, అక్కడ కొంత మండి, సన్నని రంధ్రాల గుండా ప్రధాన గదిలోకి దూసుకొస్తుంది. దీనివల్ల మంట కాస్త నెమ్మదిగా వ్యాపించి ఇంజిన్ మోత తగ్గుతుంది. నష్టం కూడా ఉంది. ప్రీచాంబర్ గోడలు వేడిని పీల్చేసుకుంటాయి కాబట్టి, చల్లగా ఉన్నప్పుడు, ఆ గదిని కరెంటుతో ముందే వేడిచేసే గ్లో ప్లగ్‌ల సాయం లేకుండా ఇంజిన్ అందుకోదు.

అంటే స్టార్ట్ అవ్వడానికి మూడు కావాలి. కంప్రెషన్ (గాలిని నొక్కే ఒత్తిడి), వేడి, సరైన సమయానికి డీజిల్. ఈ మూడింటిలో ఏది లేదో చెప్పడానికి చాలాసార్లు కంప్యూటర్ అక్కర్లేదు, సైలెన్సర్ వైపు చూస్తే చాలు. సెల్ఫ్ కొడుతున్నంతసేపూ తెల్లపొగ వస్తుంటే డీజిల్ చేరుతోంది, మండటం లేదు. అప్పుడు అనుమానించాల్సింది వేడిని లేదా కంప్రెషన్‌ను. పొగే రాకపోతే డీజిల్ చేరడం లేదు. అప్పుడు గ్లో ప్లగ్‌లు మార్చినా లాభం ఉండదు.

పొద్దున్నే మొరాయిస్తే

ఎక్కువ డబ్బు వృథా అయ్యేది ఇక్కడే. చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ కాకపోతే ముందు గ్లో ప్లగ్‌లు మారుస్తారు, తర్వాత బ్యాటరీ, ఆ తర్వాత రిలే. వాల్వ్ క్లియరెన్స్ దాకా ఎవరి చూపూ వెళ్లదు.

ఓఎం615, 616, 617 ఇంజిన్లలో వాల్వ్‌ల సందును చేత్తో సరిచేయాలి. నడిచేకొద్దీ వాల్వ్ హెడ్‌లోని సీటులోకి కొద్దికొద్దిగా దిగుతుంది. దాంతో పైన ఉండాల్సిన సందు తగ్గుతూ వస్తుంది. ఒక దశ దాటాక వాల్వ్ పూర్తిగా మూసుకోదు. కంప్రెషన్ కారిపోతుంది, చల్లటి ఇంజిన్‌లో అంటుకోవడానికి చాలినంత వేడి పుట్టదు. బండి వేడెక్కాక మామూలుగానే నడుస్తుంది కాబట్టి అనుమానం అటు పోదు. ఇదే పరిస్థితి చాలాకాలం సాగితే ఎగ్జాస్ట్ వాల్వ్ అంచు కాలిపోతుంది. అప్పుడిక హెడ్ దించక తప్పదు.

సరిచేయడం కష్టమేమీ కాదు. చల్లటి ఇంజిన్‌లో ఇన్‌టేక్ వాల్వ్‌కు 0.10 మిల్లీమీటర్లు, ఎగ్జాస్ట్‌కు 0.30, టర్బో ఇంజిన్‌లో ఎగ్జాస్ట్‌కు 0.35 సందు ఉండాలి. ఫీలర్ గేజ్, వంపు తిరిగిన 14 నంబర్ పానాలు, కొత్త వాల్వ్ కవర్ గ్యాస్కెట్ ఉంటే ఒక పూటలో పని అయిపోతుంది. అమెరికా షెడ్యూల్ ప్రకారం 15,000 మైళ్లకు, అంటే సుమారు 24,000 కిలోమీటర్లకు ఒకసారి ఇది చేయాలి. ఒక్క జాగ్రత్త తప్పనిసరి. ఇంజిన్‌ను క్రాంక్‌షాఫ్ట్ బోల్టు పట్టుకునే తిప్పాలి. కామ్‌షాఫ్ట్ బోల్టు చేతికి దగ్గరగా ఉంది కదా అని దానితో తిప్పితే చైన్ మీద, బోల్టు మీద అక్కర్లేని భారం పడుతుంది.

గ్లో ప్లగ్‌ల విషయంలో కారు తయారైన సంవత్సరం ముఖ్యం. మొదటి డబ్ల్యూ123లలో అవన్నీ ఒకే వరుస కనెక్షన్‌లో ఉంటాయి. ఒకటి పోతే అన్నీ ఆగినట్టే. సుమారు 1980 నుంచి వచ్చిన పెన్సిల్ రకం ప్లగ్‌లకు విడివిడిగా కరెంట్ అందుతుంది. ఒకటి పోయినా ఇంజిన్ మిగతావాటితో అందుకుని, వేడెక్కేదాకా వణుకుతుంది. మల్టీమీటర్ పెట్టి చూస్తే మంచి ప్లగ్ ఒక ఓమ్ కంటే తక్కువ చూపిస్తుంది, పోయినది అసలు కనెక్షనే చూపించదు. కొత్త ప్లగ్ బిగించే ముందు ఆ రంధ్రంలో పేరుకున్న మసిని శుభ్రం చేయడం మర్చిపోతే, అది కూడా త్వరగానే కాలిపోతుంది.

వాక్యూమ్: తప్పు ఒకచోట, లక్షణం ఇంకోచోట

కొత్త యజమానులను అన్నిటికంటే ఎక్కువ తికమక పెట్టేది ఈ వ్యవస్థే. పెట్రోల్ ఇంజిన్ గాలిని థ్రాటిల్ దగ్గర అడ్డుకుంటుంది కాబట్టి దానంతటదే వాక్యూమ్ పుట్టిస్తుంది. ఈ డీజిల్ ఇంజిన్లలో అలాంటి అడ్డు లేదు. అందుకని వాక్యూమ్ కోసం విడిగా ఒక పంప్ పెట్టారు. ఆ ఒక్క పంప్ మీద బ్రేక్ బూస్టర్, ఆటోమేటిక్ గేర్‌బాక్స్, హీటర్ తలుపులు, నాలుగు డోర్ల లాక్‌లు, ఇంధన ట్యాంకు మూత లాక్, చివరికి ఇంజిన్ ఆపే ఏర్పాటు కూడా ఆధారపడి ఉంటాయి.

ఇంజిన్ ఆపడానికి వాక్యూమ్ ఎందుకు? స్పార్క్ లేని ఇంజిన్‌లో కరెంట్ తీసేస్తే ఏమీ కాదు, అది నడుస్తూనే ఉంటుంది. తాళం తిప్పినప్పుడు వాక్యూమ్ ఇంజెక్షన్ పంప్ మీద ఉన్న చిన్న కవాటాన్ని లాగుతుంది. అప్పుడు డీజిల్ సరఫరా ఆగుతుంది. వెనక డోర్ లాక్‌లో ఒక రబ్బరు పొర చిరిగితే వ్యవస్థలో వాక్యూమ్ పడిపోయి, తాళం తీసినా ఇంజిన్ ఆగకపోవచ్చు. డోర్ లాక్‌కూ ఇంజిన్ ఆగకపోవడానికీ సంబంధం ఉంటుందని సర్క్యూట్ బొమ్మ చూడనివారికి తట్టే అవకాశం లేదు. అలాంటప్పుడు బానెట్ తెరిచి, ఇంజిన్ మీద 'స్టాప్' అని రాసి ఉండే లివర్ నొక్కితే ఇంజిన్ ఆగుతుంది.

గేర్‌బాక్స్ సంగతీ అంతే. వాక్యూమ్ సరిగా అందకపోతే ఆటోమేటిక్ గేర్లు ఠక్కుమని కుదుపుతో పడతాయి. దాన్ని గేర్‌బాక్స్ అరిగిపోయిన లక్షణంగా భావించి విప్పించేవారు ఉన్నారు. రబ్బరు కనెక్టర్ ఒకటి పగిలి ఉండటమే అసలు కారణం కావచ్చు.

వెతికే పద్ధతి సూటిగా ఉంటుంది. గేజ్ ఉన్న చేతి వాక్యూమ్ పంప్ ఒకటి కొని, ప్రధాన గొట్టం నుంచి చీలే ఒక్కో శాఖను విడిగా మూసి చూడాలి. ఏ శాఖ మూసినప్పుడు ముల్లు నిలబడుతుందో లీక్ అందులోనే ఉంది. గొట్టాలు రంగు చారలతో ఉంటాయి కాబట్టి ఏది ఎక్కడికి వెళ్తోందో పోల్చుకోవచ్చు. తాళం దగ్గరి గొట్టంలో ఇంజిన్ ఆయిల్ కనిపిస్తే ఇంజెక్షన్ పంప్ మీద ఉన్న కవాటం లోపలి పొర చిరిగినట్టు. దాన్ని అలా వదిలేస్తే ఆయిల్ గొట్టాల వెంబడి కారు లోపలిదాకా పాకుతుంది.

పికప్ తగ్గితే ఎక్కడ మొదలుపెట్టాలి

ఈ కార్లు కొత్తగా ఉన్నప్పుడు కూడా పరుగెత్తేవి కావు. అందుకే 'ఇది ఇంతేనేమో' అని సర్దుకుపోయి తప్పును పట్టించుకోరు. మొదటి పరీక్షకు పైసా ఖర్చు లేదు. ఇంజిన్ ఆపి, ఒకరు యాక్సిలరేటర్‌ను పూర్తిగా తొక్కి ఉంచితే, ఇంకొకరు ఇంజెక్షన్ పంప్ మీది లివర్ చివరిదాకా వెళ్తోందో లేదో చూడాలి. పెడల్‌కూ పంప్‌కూ మధ్య ఉన్న కడ్డీలు, ప్లాస్టిక్ బుష్‌లు అరిగితే, పెడల్ నేలను తాకినా పంప్‌కు పూర్తి కదలిక అందదు.

తర్వాత ఫిల్టర్లు. డబ్ల్యూ123లో చిన్న పారదర్శక ఫిల్టర్ ఒకటి, దాని తర్వాత పెద్దది ఒకటి ఉంటాయి. ట్యాంకు అడుగున ఒక జల్లెడ కూడా ఉంటుంది. చాలాకాలం కదలకుండా నిలిపిన బండిలో నీరు, డీజిల్ కలిసేచోట సూక్ష్మజీవులు పెరిగి నల్లటి జిగురు తయారవుతుంది. ఫిల్టర్ మార్చిన వారానికే మళ్లీ పూడుకుపోతుంటే తప్పు ఫిల్టర్‌ది కాదు, ట్యాంకుది. పారదర్శక ఫిల్టర్‌లో బుడగలు ఆగకుండా కనిపిస్తే ఎక్కడో గాలి పీలుస్తోంది. చేతి ప్రైమర్ పంప్, పాత రబ్బరు గొట్టాల బిగింపులు చూడాలి. ఇంజెక్టర్ల మధ్య ఉండే నేత గుడ్డ చుట్టిన సన్నని రిటర్న్ గొట్టాలు చౌక, త్వరగా పాడవుతాయి. తడిగా కనిపిస్తే అన్నీ ఒకేసారి మార్చడం మంచిది.

టర్బో ఇంజిన్‌లో ఇంకో చిక్కు ఉంది. ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లోని గాలి ఒత్తిడిని ఒక సన్నని గొట్టం ద్వారా ఇంజెక్షన్ పంప్‌కు చేరవేస్తారు. ఒత్తిడి పెరిగిందని తెలిస్తేనే పంప్ ఎక్కువ డీజిల్ ఇస్తుంది. ఆ గొట్టాన్ని బిగించే బోలు బోల్టు మసితో మూసుకుపోవడం చాలా మామూలు. టర్బో బాగానే తిరుగుతుంటుంది, కానీ ఆ సమాచారం పంప్‌కు చేరదు. బండి టర్బో లేనిదానిలా నడుస్తుంది. బోల్టు విప్పి శుభ్రం చేయడానికి పట్టేది కొద్ది నిమిషాలు. టర్బో మార్పించుకున్న తర్వాత ఈ సంగతి తెలిసినవారి బాధ ఊహించుకోవచ్చు.

డీజిల్ మారింది, రబ్బరు మారలేదు

ఈ ఇంజిన్ల కాలంలో డీజిల్‌లో గంధకం ఎక్కువ. అమెరికాలో 2006 నుంచి 15 పీపీఎం (పది లక్షల వంతుల్లో 15) గంధకం ఉన్న డీజిల్ వచ్చింది. యూరప్‌లో 2009 నుంచి పరిమితి 10 పీపీఎం. గంధకం తీసే ప్రక్రియలో డీజిల్‌కు సహజంగా ఉండే జారుడుగుణం తగ్గుతుంది కాబట్టి కంపెనీలు దానికి వేరే పదార్థాలు కలుపుతాయి. అదే ప్రక్రియలో ఆరోమాటిక్ పదార్థాలు కూడా తగ్గుతాయి. వాటివల్ల ఉబ్బి ఉండే పాత నైట్రైల్ రబ్బరు సీళ్లు కుంచించుకుపోయి ఇంజెక్షన్ పంప్ పైభాగంలో డీజిల్ చెమ్మ కనబడుతుంది. కొత్త సీళ్లతో ఇది పోతుంది. పంప్ మొత్తం పోయినట్టు కాదు.

వంటనూనెతో నడపడం ఒక దశలో పెద్ద వేలంవెర్రి. ప్రీచాంబర్ ఇంజిన్ దాన్ని మండించగలదు, అందులో అబద్ధం లేదు. సమస్య చిక్కదనంతో. చల్లటి నూనె ఇంజెక్టర్ దగ్గర సరిగా తుంపర కాదు. సగం కాలి పిస్టన్ రింగుల్లో, ఇంజెక్టర్ మొనల మీద గట్టిపడుతుంది. కొంత ఇంజిన్ ఆయిల్‌లోకి దిగి దాన్ని జిగురుగా మారుస్తుంది. ఇది వెంటనే బయటపడదు. అలా నడిపిన బండిని తర్వాత కొన్నవారే ఆ ఖర్చు భరిస్తారు. బయోడీజిల్ అంత ప్రమాదకరం కాకపోయినా పాత సహజ రబ్బరు గొట్టాలను మెత్తబరుస్తుంది, ట్యాంకులో పేరుకున్న మురికిని కదిలించి ఫిల్టర్లలోకి తెస్తుంది.

అన్ని పాత బెంజ్ డీజిళ్లూ ఒకటి కావు

1983లో 190 డితో, ఆ తర్వాత డబ్ల్యూ123 స్థానంలోకి వచ్చిన డబ్ల్యూ124 శ్రేణితో వచ్చిన ఓఎం601, 602, 603 ఇంజిన్లలో వాల్వ్ సందు సరిచేసే పనే లేదు, హైడ్రాలిక్ లిఫ్టర్లు ఆ పని చేసుకుంటాయి. బదులుగా రెండు కొత్త బలహీనతలు వచ్చాయి. హెడ్ అల్యూమినియంది కాబట్టి ఇంజిన్ ఒక్కసారి బాగా వేడెక్కినా నష్టం పెద్దది. వాక్యూమ్ పంప్ బేరింగ్ విడిపోతే ఆ ముక్కలు టైమింగ్ చైన్‌లో పడి ఇంజిన్‌నే బలితీసుకోవచ్చు. అందుకే ఇక్కడ పంప్‌ను ముందే విప్పి చూడాలి. ఈ కుటుంబంలోనే 3.5 లీటర్ల ఇంజిన్‌కు కనెక్టింగ్ రాడ్లు వంగుతాయనే చెడ్డపేరు ఉంది. పెద్ద ఇంజిన్ కాబట్టి మంచిదనుకుని కొనేవారు గమనించాలి.

1990లలో వచ్చిన 24 వాల్వ్‌ల ఓఎం606 శక్తిలో, నునుపులో వీటన్నిటికంటే మెరుగు. ఇంటిపనికి మాత్రం అంత అనుకూలం కాదు. గ్లో ప్లగ్‌లు హెడ్‌లో బిగుసుకుపోయి విప్పేటప్పుడు విరుగుతాయి. ప్లాస్టిక్ ఇంధన గొట్టాల ఓ-రింగులు గట్టిపడి గాలి పీలుస్తాయి. చాలావాటిలో పంప్‌ను ఎలక్ట్రానిక్స్ నియంత్రిస్తాయి. 1997 చివర్లో సి 220 సీడీఐతో కామన్ రైల్ పద్ధతి (అన్ని ఇంజెక్టర్లకూ ఒకే ఉమ్మడి గొట్టం నుంచి డీజిల్ అందించేది) వచ్చాక మల్టీమీటర్, పానాలతో తప్పు పట్టుకునే కాలం ముగిసింది. స్కానర్ లేకుండా అక్కడ అడుగు ముందుకు పడదు.

ఏ పని వదిలేయాలి

ఇంట్లో చేయగలిగినవి ఎక్కువే అయినా కొన్నిటి జోలికి వెళ్లకూడదు. ముందు చక్రాల స్ప్రింగులు ఒకటి. ఈ కార్లలో అవి పెద్దవి, భారీ ఒత్తిడిలో ఉంటాయి. లోపలి నుంచి పట్టే ప్రత్యేక కంప్రెసర్ లేకుండా, మార్కెట్లో దొరికే కొక్కేల పరికరంతో ప్రయత్నిస్తే జారినప్పుడు ప్రాణం మీదికి వస్తుంది. ఇంజెక్టర్ టెస్ట్ ఇంకొకటి. ఇంజెక్టర్ తెరుచుకునే ఒత్తిడి టర్బో లేనిదానికి సుమారు 115 బార్, టర్బోకు 135. ఆ తుంపర చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోగలదు. పైకి చిన్న గాయంలా కనిపించినా అది అత్యవసరంగా ఆసుపత్రికి వెళ్లాల్సిన పరిస్థితి. లీక్ ఎక్కడుందో వేలు పెట్టి చూడటం అసలు చేయకూడని పని.

అరుదే అయినా రన్‌అవే గురించి తెలిసి ఉండాలి. టర్బో సీలు పోయి, లేదా ఆయిల్ మోతాదు మించి, ఇంజిన్ తన ఆయిల్‌నే ఇంధనంగా పీల్చడం మొదలుపెడితే వేగం అదుపు తప్పుతుంది. అప్పుడు తాళం పనిచేయదు, స్టాప్ లివర్ కూడా పనిచేయదు, ఎందుకంటే అవి ఆపేది డీజిల్‌ను మాత్రమే. గాలి దారిని చదునైన గట్టి చెక్కతో మూయాలి. చెయ్యి, గుడ్డ అడ్డం పెట్టకూడదు.

తుప్పు, విడిభాగాలు, నగరాల నిబంధనలు

ఇంజిన్ బతికుండగానే బండిని పోగొట్టేది తుప్పు. డబ్ల్యూ123లో జాకీ పెట్టే చోట్లు, ముందు ఫెండర్లు, బ్యాటరీ కింది రేకు, వెనక సబ్‌ఫ్రేమ్ బిగించే భాగాలు ముందు చూడాలి. 1990లలో వచ్చిన డబ్ల్యూ210 శ్రేణిలో ముందు స్ప్రింగును ఆనించే వెల్డింగ్ తుప్పుపట్టి ఊడిపోవడం తెలిసిన సమస్యే, నడుస్తుండగా జరిగితే ప్రమాదం. కాబట్టి కొనేటప్పుడు ఇంజిన్ చప్పుడు వినడం కంటే బండి కింద పడుకుని చూడటమే ఎక్కువ ఉపయోగం. బాగా నడిచే ఇంజిన్ ఉన్న తుప్పు బండి కంటే, చిన్నచిన్న ఇంజిన్ తగాదాలున్న శుభ్రమైన బాడీ చౌకగా తేలుతుంది.

విడిభాగాలకు కొరత పెద్దగా లేదు, నాణ్యతే ప్రశ్న. బాష్, లెమ్‌ఫోర్డర్ వంటి అసలు సరఫరాదారుల సామాను వాళ్ల సొంత పెట్టెల్లోనే దొరుకుతుంది. పేరు లేని రబ్బరు బుష్‌లు త్వరగా చీలిపోతాయి, ఆ పని మళ్లీ మొదటికొస్తుంది. సొంతంగా చేసేవారికి మిగిలేది ప్రధానంగా కూలీ. నాసిరకం సామాను ఆ మిగులును తినేస్తుంది.

ముందుముందు ఈ కార్ల భవిష్యత్తును తేల్చేది పానాల కంటే నగరాల నిబంధనలు కావచ్చు. జర్మనీలో 2008 నుంచి పలు నగరాలు పాత డీజిళ్లను పరిమితం చేశాయి. అయితే 30 ఏళ్లు దాటి, మూలరూపం చెడకుండా ఉన్న కార్లకు చారిత్రక వాహనాల హెచ్ నంబర్ ప్లేటు ఇచ్చి ఆ పరిమితుల నుంచి మినహాయిస్తారు. లండన్‌లో 2019 నుంచి అమల్లో ఉన్న కాలుష్య నియంత్రణ జోన్‌లో రుసుము తప్పాలంటే డీజిల్ కారు యూరో 6 కాలుష్య ప్రమాణానికి తూగాలి, లేదా 40 ఏళ్లు దాటి చారిత్రక వాహనంగా నమోదై ఉండాలి. ఈ లెక్కన డబ్ల్యూ123లు గట్టెక్కినట్టే. 1990ల నాటి డబ్ల్యూ124, డబ్ల్యూ210 డీజిళ్లు లండన్ వంటి చోట్ల ఇంకా మధ్యలో చిక్కుకున్నాయి. మినహాయింపు వచ్చేదాకా వాటిని కాపాడుకునే ఓపిక లేనివారి బండ్లు విడిభాగాల కోసం విప్పబడే అవకాశం ఎక్కువ. జర్మనీలో మూలరూపం చెడకూడదన్న షరతు ఉంది కాబట్టి వంటనూనె ట్యాంకులు, ఇష్టమొచ్చిన మార్పులు ఉన్న బండికి ఆ ప్లేటు దొరకడం కష్టం. అసలు భాగాలను బాగుచేసి వాడుకునేవారికి అక్కడ ఇబ్బంది తక్కువ.